సాయంత్రం ఆరు దాటితే పొద్దుపోవడం లేదు

పాఠకుల ప్రశ్నలకు మనస్తత్వ సలహాదారు సమాధానాలు

ప్రశ్న: నా వయసు 44 సంవత్సరాలు. గాజువాకలో ఉంటాము. ఒక పరిశ్రమలో షిఫ్టు ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా తాగుడు అలవాటు ఉండేది; చివరి నాలుగైదేళ్లలో రోజూ తాగే స్థితికి వచ్చాను. సంక్రాంతి వెళ్లాక డీ-అడిక్షన్ కేంద్రంలో చేరి చికిత్స తీసుకున్నాను. అప్పటి నుంచి చుక్క ముట్టలేదు. ఒంట్లో బాగుంది, ఇంట్లో గొడవలు లేవు, అప్పులు కూడా కొంత తీరాయి. కానీ ఒక విషయం ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను. ‘ఏ’ షిఫ్టు (ఉదయం డ్యూటీ) వారంలో మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికి వచ్చేస్తాను. భోజనం చేసి, కాసేపు పడుకుని లేచాక, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు ఏం చేయాలో తోచదు. టీవీ పెట్టిన పది నిమిషాలకే కట్టేస్తాను. పిల్లలను బీచ్‌కు తీసుకెళ్లి మురీ మిక్స్చర్ కొనిపెట్టి పక్కన కూర్చున్నా, సినిమాకు వెళ్లినా, ఏదీ మనసుకు పట్టడం లేదు. బీ షిఫ్టు వారంలో మాత్రం ఈ బాధ ఉండదు. ఆదివారాలు మరీ కష్టం. “తాగే రోజుల్లోనే సరదాగా ఉండేవాడివి బావా” అని మా బావమరిది నవ్వుతూ అన్నాడు. ఆ మాట నిజమేనేమో అనిపిస్తోంది. ఇక జీవితమంతా ఇలా చప్పగానే గడపాలా?
— పేరు రాయని పాఠకుడు, గాజువాక

సమాధానం: మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యంతో మొదలుపెడతాను. బీ షిఫ్టు వారంలో ఈ బాధ ఉండదని రాశారు. మనిషి మీరే, మానేసినదీ అదే మద్యం. అయినా మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు పనిలో ఉన్న వారం తెలియకుండా గడిచిపోతోంది, ‘ఏ’ షిఫ్టు వారంలో మాత్రం నాలుగు గంటలు గడవడం గగనమవుతోంది. కాబట్టి మీ జీవితమంతా చప్పబడిందని ఇప్పుడే తీర్మానించుకోవలసిన అవసరం లేదు. రోజులో ఒక ముక్క ఖాళీ పడింది. ఆ ముక్క ఇదివరకు దేనితో నిండి ఉండేదో ముందు చూద్దాం.

తాగడం బయటివాళ్లకు ఒక్క పనిగా కనిపిస్తుంది గాని, రోజూ తాగే మనిషికి అది పూటంతా సాగే కార్యక్రమం. అయిదింటికే ఫోన్లు మొదలవుతాయి. ఎవరెవరు వస్తున్నారు, ఎక్కడ కూర్చోవాలి, ఈ రోజు ఖర్చు ఎవరిది, ఇంట్లో ఏం చెప్పి బయటపడాలి అన్నవన్నీ తేలాలి. తరువాత షాపు దగ్గరకు వెళ్లడం, నంజుకోవడానికి పకోడీయో వేరుశనగ పలుకులో కట్టించుకోవడం, ఎవరి మేడ మీదనో చేరడం, నిన్న చెప్పుకున్న కబుర్లే మళ్లీ చెప్పుకోవడం, ఆఖరికి ఇంటికి చేరి ఒళ్లు తెలియని నిద్రలో పడిపోవడం. ఇందులో ఎదురుచూపు ఉంది, నలుగురు మనుషులు ఉన్నారు, చిన్న రహస్యం ఉంది, పని ముగిసిందని మనసుకు చెప్పే గుర్తు కూడా ఉంది. సీసాతో పాటు ఇవన్నీ ఒకేసారి మీ సాయంత్రం నుంచి వెళ్లిపోయాయి. ఇంత ఖాళీలో మీరు ఒక టీవీని తెచ్చి పెట్టి, అది సరిపోవడం లేదని మిమ్మల్ని మీరే తప్పుపట్టుకుంటున్నారు.

విసుగు అంటే చేయడానికి పని లేకపోవడమని మనం అనుకుంటాం. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఈస్ట్‌వుడ్, ఆయన సహచరులు 2012లో దీనిని మరో విధంగా నిర్వచించారు. తృప్తినిచ్చే పనిలో లీనం కావాలన్న కోరిక ఉండి కూడా లీనం కాలేకపోవడమే విసుగు అన్నారు. మీ ముందు టీవీ ఉంది, పిల్లలున్నారు, సముద్రం ఉంది. పట్టు దొరకనిది మీ ధ్యాసకు. ఈ స్థితిని భరించడం ఎవరికైనా ఎంత కష్టమో అమెరికాలో తిమోతి విల్సన్ బృందం 2014లో ప్రచురించిన ఒక ప్రయోగంలో తేలింది. మామూలు మనుషులను ఒక్కొక్కరిని ఖాళీ గదిలో, ఫోను గాని పుస్తకం గాని లేకుండా, 15 నిమిషాలు కూర్చోబెట్టారు. కావాలంటే ఒక మీట నొక్కి తమకు తామే చిన్న విద్యుత్ షాక్ ఇచ్చుకోవచ్చని చెప్పారు. అంతకు ముందు ఆ షాక్‌ను రుచి చూసి, అది మళ్లీ తగలకుండా ఉండేందుకు డబ్బు ఇవ్వడానికైనా సిద్ధమన్నవారిలోనే, 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 మంది ఆ పావుగంటలో మీట నొక్కుకున్నారు. పావుగంట ఖాళీకే మనుషులు షాక్‌ను కోరుకుంటున్నప్పుడు, ప్రతి సాయంత్రం నాలుగు గంటల ఖాళీని మద్యం లేకుండా ఇన్ని నెలలుగా దాటుకొస్తున్న మీరు బలహీనులు ఎలా అవుతారు?

ఇక రుచి పుట్టకపోవడం గురించి. ఏళ్ల తరబడి రోజూ తాగిన మెదడు, ఆనందాన్ని గుర్తించే డోపమైన్ వ్యవస్థను మద్యపు మోతాదుకు తగ్గట్టు మార్చుకుంటుంది. ఆ సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు తగ్గుతాయి. మద్యం ఆగిపోయాక కూడా కొంతకాలం ఆ మార్పు అలాగే ఉంటుంది. అందువల్ల మంచి భోజనం, పిల్లల కబుర్లు, చల్లగాలి వంటి మామూలు సంతోషాలు మెదడు దాకా పలచగా చేరతాయి. ఇది నెలల మీద, మనిషిని బట్టి ఒకరికి త్వరగా, ఒకరికి ఆలస్యంగా సర్దుకుంటుంది. ఈ మధ్యకాలంలో జరిగే పెద్ద పొరపాటు ఏమిటంటే, ప్రతి పనినీ ఒకసారి చేసి చూసి, నచ్చలేదని పక్కన పెట్టేయడం. బాగుపడుతున్న మెదడుకు మొదటిసారే నచ్చేది బహుశా ఒక్కటే ఉంటుంది, దానినే మీరు మానేశారు. కాబట్టి రాబోయే రెండు మూడు నెలల పాటు ఒక పని నచ్చిందా లేదా అని అడగకండి. వెళ్లానా లేదా అన్నది మాత్రమే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఇష్టం పుట్టాక పని చేయడం మామూలు పద్ధతి, పని చేయగా చేయగా ఇష్టం పుట్టనివ్వడం మీకు ఇప్పుడు పనికివచ్చే పద్ధతి. మనసు కుంగినవారికి చేసే చికిత్సలో కూడా 1970ల నుంచి ఈ పద్ధతిని వాడుతున్నారు.

ఏ పని చేయాలన్న ప్రశ్నకు చాలామంది “ఏదైనా హాబీ పెట్టుకోండి” అని జవాబు చెప్పేస్తారు. ఈ సలహా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఒంటరిగా చేసే హాబీని ఎప్పుడైనా వదిలేయవచ్చు, వదిలేసినా అడిగేవాడు ఉండడు. మీ పాత సాయంత్రాలను నిలబెట్టింది అవతలి మనిషి. మీరు రాకపోతే ఫోన్ చేసి “ఎక్కడున్నావురా” అని అడిగేవాడు. కొత్త పనిలోనూ అటువంటి మనిషి ఉండాలి, దానికి ఒక నిర్ణీత సమయమూ ఉండాలి. మీ కాలనీలో ఆరున్నరకు షటిల్ ఆడే బృందంలో నలుగురిలో నాలుగోవారు మీరైతే, మీరు వెళ్లని రోజు ఆట ఆగిపోతుంది. పదో తరగతి చదివే పిల్లలుంటే రోజూ ఏడు నుంచి ఎనిమిది వరకు లెక్కలు మీరే చెప్పించండి; రాకపోతే వాళ్లతో పాటు మీరూ నేర్చుకోండి. మీ చేతిలో ఉన్న పనితనం, అది వెల్డింగో, ఎలక్ట్రికల్ పనో, ఒక కుర్రవాడికి వారంలో రెండు సాయంత్రాలు నేర్పినా సరే. నాటకాలు, సంగీతం మీద ఏ కాస్త ఇష్టమున్నా కళాభారతి ఆడిటోరియంలో కార్యక్రమాలు ఎక్కువగా సాయంత్రాలే జరుగుతాయి. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. గాజువాక నుంచి అంత దూరమా అనిపించవచ్చు. బస్సులో పోయిరావడానికి పట్టే సమయం కూడా మీ నాలుగు గంటల్లోదే, దానిని నష్టం కింద రాసుకోకండి.

సాయంత్రం పూట ఒంటరిగా బీచ్‌లో తిరగమని మాత్రం నేను చెప్పను. నడక మంచిదే గాని, ఆ సమయంలో ఆ గాలి మీకు పాత సావాసాలనే గుర్తు చేస్తుంది, పైగా నడిచేటప్పుడు కాళ్లకు పని ఉంటుంది గాని ధ్యాసకు ఉండదు. నడవాలనుంటే బీ షిఫ్టు వారంలో తెల్లవారుజామున, బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్ల కోసం వాహనాలను ఆపేసే వేళకు వెళ్లండి. మరొక మాట: మీ సాయంత్రాల్లోంచి పోయినవాటిలో ఎదురుచూపు ఒకటి. అది తిరిగి రావాలంటే కొంచెం దూరంలో ఒక తేదీ ఉండాలి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అప్పన్న మీద భక్తి ఉన్నా లేకపోయినా, ఆ దూరం నడవాలంటే ముందు నుంచి నలుగురితో కలిసి సాధన చేయక తప్పదు. ఒక ఆదివారం సింహాచలం మెట్ల దారి, మరో ఆదివారం కంబాలకొండ అని పెట్టుకుంటే, మాంసం కూర వాసనకు పాత అలవాటు లేచి కూర్చునే ఆదివారం మధ్యాహ్నానికి మీరు అలసిపోయి, ఆకలి మీద ఉంటారు.

మద్యం లేని సాయంత్రాలను ఏర్పాటు చేయడమే చికిత్సలో భాగమని 1973లోనే అమెరికాలో జార్జ్ హంట్, నేథన్ అజ్రిన్ అనే ఇద్దరు నిరూపించారు. తాగుడుతో ఆసుపత్రిలో చేరినవారికి ఉపదేశాలతో సరిపెట్టకుండా, ఉద్యోగం వెతకడంలో, భార్యాభర్తల మధ్య మాటలు కలపడంలో సాయం చేశారు. అంతటితో ఆగక, మూతపడిన ఒక మద్యశాలను తీసుకుని మద్యం దొరకని క్లబ్బుగా మార్చి, అక్కడే వారికి కాలక్షేపం కల్పించారు. మామూలు చికిత్స మాత్రమే పొందిన వారికంటే వీరు మళ్లీ తాగిన రోజులు చాలా తక్కువ. మన ఊళ్లో అటువంటి క్లబ్బు లేకపోయినా, దానికి దగ్గరగా ఉండేది ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే అందరూ ఏ.ఏ. అని పిలిచే, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే బృందం. విశాఖలోనూ ఈ సమావేశాలు జరుగుతాయి, రుసుము ఉండదు, ఇంటిపేరు అడగరు.

ఆ సంస్థ పుట్టుక కథ మీకు చెప్పి తీరాలి. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే ఆయన వ్యాపార పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి వచ్చాడు. మద్యం మానేసి అప్పటికి దాదాపు మీ అంత కాలమే, అయిదు నెలలు. వచ్చిన పని చెడిపోయింది. శనివారం సాయంత్రం హోటల్ ముందు గదిలో ఏమీ తోచక పచార్లు చేస్తుంటే పక్కనున్న బార్‌లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. అటు పోకుండా ఆయన ఫోను దగ్గరకు వెళ్లి, చర్చిల జాబితాలోని పేర్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి, తనలాగే తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఉంటే కలిపించమని అడిగాడు. అలా మర్నాడు కలిసిన డాక్టర్ బాబ్ స్మిత్, జూన్ 10న చివరిసారిగా తాగి మానేశాడు, ఏ.ఏ. తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తేదీనే. ఆ సాయంత్రం విల్సన్ వెతుక్కున్నది కాలక్షేపం కాదు, తన సాయం అవసరమైన మరొక మనిషిని. మీరు చికిత్స తీసుకున్న కేంద్రంలో ఈ వారమే చేరిన వ్యక్తి ఒకరు ఉండే ఉంటారు. అక్కడి సలహాదారును అడిగి, వారానికి ఒక సాయంత్రం ఆయనతో కూర్చోవచ్చేమో కనుక్కోండి.

తాగాలన్న తహతహ విసుగు వెనకాలే వస్తుంది. అలాన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిని సముద్రపు అలతో పోల్చాడు. లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, మనం దానితో కొట్లాడకుండా చూస్తూ ఉంటే విరిగి పడిపోతుంది. సాధారణంగా అరగంటలోపే. ఆ అరగంటలో ఒంట్లో ఎక్కడ ఏమవుతోందో, గొంతు ఆరుతోందా, గుండె కొట్టుకుంటోందా, చేతులు చెమర్చుతున్నాయా అని గమనించండి, ఎవరో ఒకరికి ఫోన్ చేయండి. ఒక చిన్న జాగ్రత్త చాలామందికి ఉపయోగపడింది: అయిదున్నరకు కడుపు నిండా ఏదైనా తినండి. ఇడ్లీ అయినా ఉప్మా అయినా ఫరవాలేదు. ఖాళీ కడుపు, ఖాళీ సాయంత్రం కలవకూడదు. ‘ఏ’ షిఫ్టు వారానికి ముందటి రాత్రే, ఏ రోజు సాయంత్రం ఎక్కడ ఉండాలో కాగితం మీద రాసి, మీ శ్రీమతికి కూడా చూపించండి. రాత్రి డ్యూటీ ఉండే సీ షిఫ్టు వారంలో కొత్త పనులేమీ వద్దు, పగలు నిద్ర సరిగా పడితే చాలు.

మీ బావమరిది గారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వకండి. ఆ సరదాను ఆయన పక్కన కూర్చుని చూశారు గాని, అది ముగిశాక ఇంట్లో ఏం జరిగేదో మీ ఇంట్లోవాళ్లు చూశారు. పాత స్నేహితులలో మంచివారు ఉంటే, వారిని వదులుకోనక్కరలేదు. ఉదయం టిఫిన్‌కు కలవండి, సాయంత్రం కలవకండి.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. మీ విసుగు సాయంత్రాలకే పరిమితమైంది కాబట్టి నేను ఇంత ధీమాగా రాశాను. అది రోజంతా, రెండు వారాలకు మించి ఉండి, నిద్ర, ఆకలి తగ్గి, దేనికీ పనికిరానన్న భావమో, బతకడం ఎందుకన్న ఆలోచనో వస్తే దానిని విసుగు అనరాదు. వెంటనే మానసిక వైద్యుని చూడాలి. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.) మనోవైద్య విభాగం మీకు అందుబాటులోనే ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. వ్యసనాల కోసం ప్రత్యేకంగా కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446 ఉంది. డాక్టరు రాసిన మందులేవైనా వాడుతుంటే, బాగానే ఉన్నాను కదా అని మీ అంతట మీరు ఆపవద్దు. పొద్దుపోవడానికి డబ్బు పెట్టి పేకాట, ఫోనులో బెట్టింగు, నిద్రమాత్రలు, గుట్కా వంటివాటి జోలికి అసలే పోవద్దు. మద్యం ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోవడానికి ఇవి ముందుగా వస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించినా, దొడ్డిదారి లింకులు పంపేవాళ్లు ఉంటూనే ఉంటారు.

ప్రశ్న: మా వారు తాగుడు మానేసి మూడో నెల. ఖాళీగా కూర్చుంటే మళ్లీ అటు పోతారని భయంతో ఏదో ఒక పని పురమాయిస్తూనే ఉంటాను. బయటకు వెళ్తే గంటకోసారి ఫోన్ చేస్తాను. ఆయన విసుక్కుంటున్నారు. మా ఆడపడుచు, మద్యం పడకుండా చేసే మాత్రలు కూరలో కలిపి పెట్టమంటోంది. చేయవచ్చా?
— ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ

సమాధానం: చేయకూడదమ్మా. మీ ఆడపడుచు చెబుతున్నది బహుశా డైసల్ఫిరామ్ మాత్ర గురించి. అది వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వచ్చి, రక్తపోటు పడిపోయి, ఒక్కోసారి ప్రాణం మీదకు వస్తుంది. అందుకే ఆ మనిషికి తెలిసి, ఆయన ఒప్పుకుని, వైద్యుడు పరీక్షించిన తరువాతే ఇవ్వాలి. తెలియకుండా పెట్టడం ప్రమాదం, తరువాత తెలిస్తే మీ చేతి అన్నం మీదే ఆయనకు నమ్మకం పోతుంది.

మీ భయం అర్థం చేసుకోదగినదే. కానీ మీరు పురమాయించే పనులతో ఆయన పొద్దు నిండడం లేదు, మీ పొద్దు మాత్రం ఆయన కాపలాతో నిండిపోతోంది. గంటకోసారి చేసే ఫోను బదులు, ఇద్దరూ మాట్లాడుకుని ఒక సమయం నిర్ణయించుకోండి. ఎనిమిదికి వస్తానంటే ఎనిమిది దాకా అడగకండి. పైగా ఒక గంటన్నర ఆయన మౌనంగా కూర్చుంటే కూర్చోనివ్వండి. ఇంటి బాధ్యతల్లో ఒకటి, చిన్నదైనా సరే, పూర్తిగా ఆయనకు అప్పగించండి. రైతు బజారుకు వెళ్లే పని ఇస్తే ఏ కూర తేవాలో కూడా ఆయననే నిర్ణయించనివ్వండి, ముదిరిన బెండకాయలు తెచ్చినా మాట్లాడకుండా వండండి. మద్యపానం చేసేవారి కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అనే బృందాలు ఉన్నాయి; ఆయనకు ఏ.ఏ. ఎలాగో మీకు ఇది అలాగ.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మధురవాడలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. డాక్టరు సలహాతో మద్యం పూర్తిగా మానేశాను. వారాంతాల్లో స్నేహితులతో కూర్చున్నప్పుడు బోరు కొట్టకుండా ఆల్కహాల్ లేని బీరు తాగవచ్చా?
— ఒక పాఠకుడు

సమాధానం: అటువంటి బీర్లలో కొన్నింటిలో స్వల్పంగా ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద చదివితే తెలుస్తుంది. బొత్తిగా లేకపోయినా ఆ వాసన, ఆ నురుగు, ఆ గ్లాసు పట్టుకునే తీరు పాత కోరికను లేపగలవు. మానిన తొలి సంవత్సరంలో వద్దనే నా సలహా. అసలు మీకు బోరు కొడుతున్నది చేతిలో గ్లాసు లేకనా, తాగనివాడికి తాగినవాళ్ల కబుర్లు అంత ఆసక్తిగా ఉండకనా అన్నది ఒకసారి చూసుకోండి. రెండోదే అయితే తొమ్మిదింటికి లేచి ఇంటికి వెళ్లిపోండి, బండి తాళాలు మాత్రం వాళ్ల దగ్గర తీసుకుని వాళ్లను ఆటోలో పంపండి. నిమ్మ సోడా తాగినంత మాత్రాన మిమ్మల్ని ఎవరైనా వెక్కిరిస్తే, మరుసటి వారం వాళ్లను సాయంత్రానికి బదులు ఆదివారం ఉదయం క్రికెట్‌కు పిలిచి చూడండి. ఎవరు వస్తారో, ఎవరు రారో దాన్నిబట్టి తరువాత సంగతి నిర్ణయించుకోవచ్చు.